బడి కాగితంలో రాని వార్తలు

చర్చి నడిపే చిన్న బడుల నుంచి వారానికొకసారి ఇంటికి ఒక కాగితం వస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల అది కాగితం కూడా కాదు, శనివారం సాయంత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడే మెసేజ్. పైన బడి పేరు, చర్చి గుర్తు, ఆ వారానికి ఒక మంచి మాట. కింద వార్తలు: సోమవారం అసెంబ్లీ ఏ తరగతి నడిపింది, చేతిరాత పోటీలో ఎవరు గెలిచారు, ఎఫ్ఏ పరీక్షలు ఎప్పటినుంచి, ఫీజుకు ఆఖరు తేదీ ఏది. చివర నాలుగైదు ఫొటోలు. మనలో చాలామందిమి వార్తలు తర్వాత చదువుతాం, ముందు ఫొటోలు తెరుస్తాం. వేళ్లతో పెద్దవి చేసి వరసల్లో మన బిడ్డ మొహం వెతుక్కుంటాం.

మొహం కనిపిస్తే ఆ సాయంత్రమంతా సంబరమే. కనిపించకపోతే, "గీసారి గూడ నిన్ను ముందట నిలబెట్టలేదా?" అన్న మాట మనకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ మాట వెనకున్నది ప్రేమే. ఎదురుగా నిలబడ్డ ఏడేళ్ల బిడ్డకు మాత్రం ఆ ప్రేమ వినిపించదు. తాను ఏదో తప్పు చేశానని మాత్రం అర్థమవుతుంది.

మన ఆత్రానికి కారణం లేకపోలేదు. వరంగల్ కొత్తవాడ గల్లీల్లో ఉన్న ఇళ్లనే తీసుకుందాం. తండ్రి పొద్దుటినుంచి మగ్గం గుంటలో కూర్చుంటాడు, తల్లి కండెలు చుడుతుంది, లేదంటే దుకాణానికో, ఇంకొకరి ఇంట్లో పనికో పోతుంది. అజంజాహీ మిల్లు 2002లో మూతపడ్డాక, మగ్గాలకు గిరాకీ తగ్గాక, ఎంతమంది సూరత్, భివండి, షోలాపూర్ పోయారో ఈ వాడ మరచిపోలేదు. ఉన్నవాళ్లు బిడ్డ చదువు మీదే ఆశ పెట్టుకుని, చిట్టీ పాడుకొనో, అప్పు తెచ్చుకొనో ఫీజు కడుతున్నారు. బడి గేటు దాటి లోపలికి పోయే పని ఏడాదికి రెండు మూడుసార్లకు మించి పడదు. ఇంత కష్టపడి పంపిన చోట ఏం జరుగుతోందో చెప్పేది ఆ కాగితం ఒక్కటే అయినప్పుడు, దాంట్లో మన బిడ్డ ఉండాలనుకోవడం ఎంతైనా సహజం.

కాని ఆ కాగితం రాసేది పెద్దవాళ్లని, పెద్దవాళ్ల కోసం రాస్తారని మనం గుర్తుపెట్టుకోవాలి. బడికి మంచిపేరు తెచ్చేవి, అందరికీ చెప్పదగినవి మాత్రమే అందులోకి ఎక్కుతాయి. ఇది బడి చేసే మోసమేమీ కాదు. పెళ్లి ఆల్బమ్‌లో వంటవాళ్ల చెమట కనపడదు కదా, ఇదీ అంతే. అందుకే దాన్ని చదివి మన బిడ్డ వారం మనకు తెలిసిపోయిందని అనుకోలేం.

రెండో తరగతి పిల్ల వారం ఎట్లా గడుస్తుందో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. సోమవారం టీచర్ చోటు మార్చింది. పక్కన ఎప్పుడూ కూర్చునే నేస్తం రెండు బెంచీల అవతలికి పోయింది. మంగళవారం డబ్బా మూత తీయగానే ఎవరో "మీ ఇంట్ల రోజూ పచ్చడేనా?" అన్నారు. ఆ పిల్ల మూత సగం వేసుకుని, కొంగు చాటున తిన్నట్టు, చేతులడ్డం పెట్టుకుని తింది. బుధవారం ప్రేయర్ జరుగుతుంటే గోడ మీది బల్లి ఎంతసేపటికీ కదలలేదు. కళ్లు మూసుకోమన్నా ఈమె ఒక కన్ను తెరిచి దాన్నే చూసింది. ఆ వారం మొత్తంలో ఆమెకు బాగా గుర్తున్నది ఆ బల్లే. గురువారం హోంవర్క్ పుస్తకం ఇస్తూ టీచర్ ఆమె నెత్తి మీద చెయ్యి వేసింది. టీచర్‌కు ఆ సంగతి గుర్తు కూడా ఉండదు, పిల్ల పడుకునేదాకా దాన్ని తలచుకుంది. ఇక బాత్‌రూమ్ తలుపు గడియ సరిగా పడదు. ఎవరైనా తోస్తారేమోనన్న భయంతో పొద్దున తొమ్మిదింటి నుంచి ఇంటికొచ్చేదాకా ఓర్చుకుంటుంది. నీళ్లు తాగితే పోవలసి వస్తుందని నీళ్లే తాగదు.

ఈ ఆఖరి సంగతి ఏ వారం కాగితంలోనూ రాదు, పిల్ల కూడా నోరు తెరిచి చెప్పదు. ఆమె చేతిలోని సీసా మాత్రం చెబుతుంది. సాయంత్రం బ్యాగు విప్పినప్పుడు నీళ్ల సీసా పొద్దున నింపినట్టే నిండుగా ఉందా? ఒక్క రోజైతే పట్టించుకోనక్కర్లేదు. వారంలో మూడు నాలుగు రోజులు అట్లాగే వస్తుంటే, "నీళ్లెందుకు తాగలేదే?" అని గదమాయించకుండా, "బడిల బాత్‌రూమ్ బాగుంటదా బిడ్డా?" అని మెల్లగా అడగాలి. మూత్రం ఆపుకొని నీళ్లు తాగకుండా ఉండే పిల్లలకు మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు రావడం, మలబద్ధకం పట్టుకోవడం మామూలు. జవాబు మనం అనుకున్నదే అయితే బడికి పోయి గడియ సంగతి చెప్పాలి. దాని కోసం తల్లిదండ్రుల సమావేశం (పీటీఎం) దాకా ఆగనక్కర్లేదు. ఒక గడియ బాగు చేయించమని అడిగితే బిడ్డ మీద కోపం పెట్టుకుంటారేమోనని మనలో కొందరికి భయం. చిన్న బడుల్లో పెద్ద సిస్టరో, హెడ్‌మాస్టరో గేటు దగ్గరే దొరుకుతారు. వాళ్లకూ ఇలాంటి సంగతి తెలియకపోవడమే ఎక్కువ, తెలిస్తే సాధారణంగా ఆ వారంలోనే బాగు చేయిస్తారు.

ఇప్పుడు అందరిళ్లలో వినపడే మాటకొద్దాం.

"ఏం చెప్పిండ్రు ఇయ్యాల?"

"ఏం లే."

"ఏం లేకపోవుడేంది? పొద్దంత ఏం జేసిండ్రు?"

"ఏమో."

ఇక్కడ మనకు కోపమొస్తుంది, బాధా కలుగుతుంది. బిడ్డ మనకు దూరమైపోతోందేమో అనిపిస్తుంది. ధైర్యంగా ఉండండి, ఎక్కువసార్లు అలాంటిదేమీ ఉండదు. ఏడు గంటలు కుదురుగా కూర్చుని, పిలిచినప్పుడు లేచి, వద్దన్నప్పుడు నోరు మూసుకుని వచ్చిన పిల్లవాడికి గేటు దాటగానే కావలసింది ఆకలి తీరడం, కాళ్లు సాగడం. రోజంతటినీ ఒక్క ముక్కలో చెప్పమంటే పెద్దవాళ్లం మనమే చెప్పలేం. మగ్గం దిగిన మనిషిని "ఇయ్యాల ఏమైంది?" అని అడిగితే ఆయన ఏమంటాడు? "ఏముంటది, రోజూ ఉండేదే."

అయితే ఇంకో సంగతి కూడా ఉంది, అది వినడానికి కొంచెం కష్టంగా ఉంటుంది. మనం అడిగేది వినడానికి కాదని పిల్లలు తొందరగానే పసిగడతారు. "సుమతి నన్ను ఆటల కలుపుకోలేదు" అని ఒకసారి చెప్పారనుకోండి, వెంటనే మనం "నువ్వేమన్నవ్ ముందు?" అంటాం, కాదంటే "దానితోని నీకెందుకు, చదువుకో" అంటాం. అదీ కాదంటే ఆ పిల్ల తల్లికి ఫోన్ చేస్తాం. మూడింట్లో ఏది చేసినా చెప్పినందుకు పిల్లకు మిగిలేది నష్టమే. రెండోసారి చెప్పదు. అది దాచడం కాదు, తనను తాను కాపాడుకోవడం.

అందుకని గేటు దగ్గర ఏమీ అడగకపోవడమే మంచిది. ఇంటికొచ్చి, ఏదైనా తిని, కాసేపు ఆడి వచ్చాక, మనం అన్నం కలుపుతున్నప్పుడో, జడ వేస్తున్నప్పుడో వాళ్లే మొదలుపెడతారు. పిల్లలు మన కళ్లలోకి చూస్తూ మాట్లాడటం కంటే, మన చేతులు పనిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని మాట్లాడటానికి ఇష్టపడతారు. మన వాడలో అందుకు వీలు లేకపోలేదు. కండెలు చుట్టే తల్లి పక్కన పీట వేసుకుని కూర్చునే పిల్లలు ఎన్ని సంగతులు చెబుతారో వినే ఓపిక ఉన్నవాళ్లకే తెలుసు. అడగాలనిపిస్తే చిన్నది అడగండి: "ఇయ్యాల ఎవరి పక్కన కూసున్నవు?" "అన్నం ఎవరితోని తిన్నవు?" "ఎవరన్న ఏడ్చిండ్రా?" ఈ మూడో ప్రశ్నకు పిల్లలు వేరే పిల్లల సంగతిలా మొదలుపెట్టి, మధ్యలో తమ సంగతిలోకి వస్తారు. అప్పుడు మనం "ఊఁ" అంటే చాలు. ఆ క్షణంలో సలహా ఏదైనా గుర్తొస్తే, రేపటికి దాచుకుందాం.

చర్చి నడిపే బడి కాబట్టి, బిడ్డకు వాళ్ల మతం నేర్పుతారేమోనన్న ఇంకొక బెంగ కూడా మనలో చాలామందికి ఉంటుంది. పైకి చెప్పుకోము గానీ ఉంటుంది. నిజానికి మన పిల్లలకు మిషన్ బడులు కొత్త కాదు, మన తాతలకూ కాదు. అమెరికన్ బాప్టిస్టులు హనుమకొండకు 1879లో వచ్చారు. 1912లో డోర్నకల్‌కు బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. పల్లెల్లో బడులు పెట్టించిన మనిషి. డోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద చర్చి చూసినవాళ్లకు తెలుసు, దాంట్లో గుడి స్తంభాల పోలికలు, మసీదు గుమ్మటాల పోలికలు కలిసే ఉంటాయి. వరంగల్ క్యాథలిక్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. కాజీపేట సెయింట్ గాబ్రియేల్ బడి కూడా ఆ దశాబ్దంలోదే. ఈ బడుల్లో ఎప్పుడూ అన్ని ఇళ్ల పిల్లలూ కలిసే కూర్చున్నారు. చాలాచోట్ల క్రైస్తవ పిల్లలకు క్యాటెకిజం (మతబోధ) జరిగే పీరియడ్‌లో మిగతావాళ్లకు మోరల్ సైన్స్ చెబుతారు. బతుకమ్మ రోజుల్లో ఆ బడుల మైదానాల్లోనే పిల్లలు తంగేడు, గునుగు పేర్చి ఆడతారు, డిసెంబరులో పశువుల పాక కట్టి గొర్రెల కాపరి వేషం వేస్తారు.

అయినా బెంగ ఉంటే అందులో తప్పు లేదు. దానికి చట్టంలో స్పష్టమైన జవాబు ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం పొందే ఏ విద్యాసంస్థలోనైనా మతబోధకో ప్రార్థనకో రావాలని ఎవరినీ బలవంతం చేయకూడదని, పిల్లలైతే సంరక్షకుల అంగీకారం ఉండాలని మన రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు చెబుతోంది. కాబట్టి ఏదైనా ఇబ్బంది అనిపిస్తే ప్రిన్సిపాల్ దగ్గరకు పోయి నెమ్మదిగా అడగొచ్చు. అది మన హక్కు, అడిగినంత మాత్రాన ఎవరికీ అవమానం కాదు.

అయితే అడగవలసింది బడిని, బిడ్డను కాదు. మనం ఇక్కడే తరచూ తడబడతాం. ప్రేయర్‌లో నేర్చుకున్న పాట ఇంట్లో కూనిరాగం తీస్తే, "ఆ పాట ఇంట్ల పాడకు" అని కసురుకుంటాం. తెల్లారి బొట్టు పెడుతూ "ఎవరేమన్నా తుడుచుకోకు" అని హెచ్చరిస్తాం. పిల్ల మనసులో అప్పుడేం జరుగుతుందో ఆలోచిద్దాం. పొద్దున టీచరమ్మ నేర్పిన పాట తప్పు, ఇంట్లో అమ్మ చెప్పేది ఒప్పు. ఆ పిల్లకు టీచరమ్మ అంటే ప్రాణం, అమ్మ అంటే అంతకంటే ప్రాణం. ఇద్దరిలో ఒకరి పక్షాన నిలబడమంటే ఆరేళ్ల గుండె ఏం చేయగలదు? ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి మాట్లాడటం నేర్చుకుంటుంది. నిజానికి పిల్లలకు రెండు ప్రార్థనలు బరువు కావు. భద్రకాళి గుడిలో చేతులు జోడించిన పిల్ల మర్నాడు బడిలో కళ్లు మూసుకుంటుంది, రెండుచోట్లా అడిగేది ఒకటే: పరీక్షలో మంచి మార్కులు, ఇంట్లో అమ్మానాన్న కొట్లాడుకోకుండా ఉండటం. ఆ పిల్లకు బరువయ్యేది ఇంటికీ బడికీ మధ్య ఉన్న అనుమానం.

క్రైస్తవ కుటుంబాలకూ ఇదే బడిలో వేరే చిక్కు ఉంది, దాన్ని మనం పెద్దగా గమనించం. పాస్టరయ్య కొడుకో, సంఘపెద్ద బిడ్డో అయితే ప్రతి ప్రేయర్‌లోనూ ముందు నిలబడాలి, వాక్యం తడబడకుండా చెప్పాలి. అల్లరి చేస్తే "నువ్వే ఇట్ల చేస్తే ఎట్ల?" అంటారు. వారం కాగితంలో వాడి ఫొటో ప్రతిసారీ ఉంటుంది. ఆ ఫొటోలో నవ్వు మాత్రం ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. ఫొటోలో లేని బిడ్డ గురించి బెంగపడే మనం, ప్రతి ఫొటోలో ఉండే బిడ్డ గురించి కూడా కాస్త ఆలోచించాలి. వాడికీ అప్పుడప్పుడు వెనక వరసలో కూర్చుని బల్లిని చూసే వీలుండాలి.

కాగితం ఇంగ్లీషులో రావడం ఇంకో సంగతి. చదవరాని ఇళ్లలో బిడ్డ చేతే చదివిస్తాం. అది చదువుతూ మూడు వాక్యాలు వదిలేస్తుంది, ఫీజు సంగతి గబగబా గొణుగుతుంది. మనకు రాదని దానికి తెలుసు. దాన్ని దాచాలని చూడకండి. "నాకు రాదు బిడ్డా, నువ్వు చెప్పు, నేను వింట" అని మామూలుగా అంటే, తెలియకపోవడం సిగ్గుపడే విషయం కాదని బిడ్డ నేర్చుకుంటుంది. దాచితే బిడ్డ మనను చూసి సిగ్గుపడటం నేర్చుకుంటుంది. పరీక్షలో తప్పు పోయినప్పుడు అదే సిగ్గు దాని నోరు కట్టేస్తుంది.

వారం వార్తలు పిల్లలే రాసుకుంటే ఎలా ఉంటుందో చేసి చూపించిన మనిషి ఒకరున్నారు. పోలండ్‌లో యానుష్ కోర్చాక్ పిల్లల వైద్యుడు, వార్సాలో అనాథ పిల్లల ఇల్లు నడిపేవాడు. ఆ ఇంట్లో వారం వారం ఒక పత్రిక తయారయ్యేది, దాన్ని అందరూ కూర్చుని చదివించుకుని వినేవారు. ఎవరు ఎవరితో పోట్లాడారు, ఎవరికి ఏం దొరికింది, ఏ నియమం బాగాలేదు, అన్నీ అందులో ఉండేవి. 1926లో ఆయన ఒక దినపత్రికకు శుక్రవారం అనుబంధంగా పిల్లలే రాసే వారపత్రికను మొదలుపెట్టాడు. 1939లో యుద్ధం వచ్చేదాకా అది నడిచింది. 1942లో నాజీలు ఆ ఇంటి పిల్లలను ట్రెబ్లింకా మరణశిబిరానికి తీసుకుపోతుంటే ఆయన వాళ్లను వదలకుండా వాళ్లతోనే పోయాడు. పిల్లలు చెప్పే చిన్న సంగతులు నిజంగా వార్తలేనని నమ్మిన మనిషి ఆయన.

అంత పెద్ద పని మనం చేయలేకపోవచ్చు. ఆదివారం సాయంత్రం ఒక పది నిమిషాలు మాత్రం దొరుకుతాయి. పాత నోట్‌బుక్కులో మిగిలిన పేజీ తీసి, బిడ్డతో "ఈ వారం వార్తలు చెప్పు" అనండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి, రాయరాకపోతే వాళ్లనే రాయమనండి. అక్షరదోషాలు దిద్దకండి. "బల్లి కదలలేదు" అన్నది వార్తేనా అని నవ్వకండి. తర్వాత మీ వార్త కూడా ఒకటి చెప్పండి. మనం అస్సలు చేయనిది ఇదే. పిల్లల రోజంతా మనకు తెలియాలంటాం, మన రోజు వాళ్లకు చెప్పం. "ఈ వారం జంపఖానాల రంగు కలవలేదు, మళ్ల అద్దకం పెట్టాల్సొచ్చింది, నాకు బాధయింది" అని తండ్రి చెబితే, తప్పు పోవడం, బాధపడటం, మళ్లీ చేయడం పెద్దవాళ్లకూ ఉంటాయని బిడ్డకు తెలుస్తుంది. మన వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న మాట కూడా ఆ నోట్‌బుక్కులోకి ఎక్కాలి. నాన్న చేసే పనికి దేశం గుర్తింపు ఇచ్చిందని తెలిసిన పిల్ల, తరగతిలో "మా నాన్న మగ్గం నేస్తడు" అని తల వంచుకోకుండా చెబుతుంది.

కొన్ని వార్తల దగ్గర మాత్రం ఓపిక సరిపోదు. సోమవారం సోమవారం కడుపునొప్పి, మానిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, ఒక టీచర్ పేరు చెప్పగానే మాట మారిపోవడం, ఒంటి మీద చెప్పని గుర్తు, ఎవరో పెద్దవాళ్లు "మీ ఇంట్ల చెప్పకు" అన్నారనడం. వీటిలో ఏది కనిపించినా, "వాడట్లనే అంటడు" అని తీసేయొద్దు. బడుల్లో పిల్లల్ని కొట్టడాన్ని మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2002లోనే నిషేధించింది. చర్చి బడి అయినా, ఎంత మంచిపేరున్న బడి అయినా దానికి మినహాయింపు లేదు. ముందు బిడ్డతో ఒకే ఒక్క మాట అనండి: "చెప్పి మంచి పని చేసినవ్." తర్వాత బడి పెద్దలను కలవండి. అక్కడ వినకపోతే, వినరని అనిపించినా, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతారు.

చివరగా, బడిని అడగవలసిన చిన్న కోరిక ఒకటి మిగిలింది. వచ్చే పీటీఎంలో మనం అందరం కలిసి అడుగుదాం. బహుమతులు, ఫొటోలు ఉండనివ్వండి, కాని వారం కాగితంలో ఒక పేజీ పిల్లలు రాసింది వేయమని, అది తెలుగులో వేయమని, ప్రతి పిల్లకూ వంతు వచ్చేలా హాజరు పట్టీ వరసలో వేయమని అడుగుదాం. నలుగురం కలిసి పోయి అడిగితే కాదనే చిన్న బడి ఉండదు.